అసలు అల్లిక

మా ఇంట్లో ఏ వస్తువూ అద్దాల బీరువాలో ఉండదు. ఇది నేను పెట్టిన రూలు. వాల్వ్ రేడియో ఉంటే అది పాడాలి, పింగాణీ కప్పు ఉంటే అందులో చాయ్ పొయ్యాలి, కుర్చీ ఉంటే అందులో మనిషి కూర్చోవాలి. పాత సామాను కొని, దానికి లైట్లు పెట్టి, ఇంటికొచ్చినవాళ్ళను ముట్టుకోనివ్వని జనాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంకో పట్టింపు కూడా ఉంది. అసలుది అసలుగానే ఉండాలి. గీత పడితే పడనీ, రంగు వెలిస్తే వెలవనీ. పాలిష్ కొట్టించి తళతళలాడే పాత టేబుల్‌ని చూస్తే నాకు జుట్టుకు రంగేసుకున్న ముసలాయన గుర్తొస్తాడు.

సీతాఫల్‌మండిలో మాది మూడో అంతస్తు ఫ్లాటు. బాల్కనీలోంచి ఎంఎంటీఎస్ పట్టాలు కనిపిస్తాయి. హాల్లోకి వస్తే మాత్రం అరవైల్లోకి వచ్చినట్టే. కిందికి పోనుపోను సన్నబడే కాళ్ళ టీపాయి, పచ్చ సన్‌మైకా అతికిన భోజనాల బల్ల, డయలు తిప్పే నల్ల ఫోను, ఏదో క్లబ్బు వేలంలో దొరికిన గోడ గడియారం. ఇరవై ఏళ్ళు ఆదివారాలన్నీ తిరిగి ఒక్కొక్కటే ఏరుకొచ్చాను. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మనిషికి ఇంతకంటే విలాసం ఏముంటుంది?

నా భర్త భానుప్రకాశ్ ఇన్సూరెన్స్ ఏజెంటు. మాటే అతని బతుకుతెరువు. పళ్ళు తోముకుంటూ మాట్లాడతాడు, అన్నం నములుతూ మాట్లాడతాడు, లిఫ్టులో కలిసినవాళ్ళతో మూడు అంతస్తుల్లో చుట్టరికం కలిపేస్తాడు. "నీది ఇల్లు కాదు లతా, మ్యూజియం. అండ్ల నేను సుత ఒక పీసే. డెబ్బై మోడల్, ఒరిజినల్ పెయింట్" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. మాకు పిల్లలు లేరు. మా ఇంటి చప్పుడంటే అతని గొంతే.

"ఒక్క గంట నోరు మూసుకుంటావా భానూ?" అని పేపర్లు దిద్దుకుంటూ రోజూ విసుక్కునేదాన్ని. ఇరవై ఆరేళ్ళు అన్నాను ఆ మాట.

కుర్చీ సంగతి నాకు చెప్పింది నాసరే. పాత ఫర్నిచర్‌కి పాలిష్ పట్టడం, బెత్తం అల్లడం అతని పని. వాళ్ళ నాన్న కూడా కంటోన్మెంటు బంగళాల్లో కుర్చీలు అల్లినవాడే. "మారేడ్‌పల్లిల ఒక ఇల్లు ఖాళీ చేస్తున్నరు మేడమ్. కూలగొట్టి అపార్ట్‌మెంట్ కడ్తరంట. మంచి టేకు కుర్చీ ఉంది" అన్నాడు. ఆ సాయంత్రమే అతనితో కలిసి ఆటో ఎక్కాను.

ఇల్లుగలావిడ పేరు గ్లోరియా. అరవై దగ్గర పడిన మనిషి, టీచరుగా రిటైరైంది. ముందుగదిలో సామానంతా అట్టపెట్టెల్లో సర్ది ఉంది, ఒక్క కుర్చీ తప్ప. లోతుగా, వెనక్కి వాలి, వెడల్పు చేతులతో ఉంది. సీటూ వీపూ బెత్తం అల్లిక, తేనె రంగులోకి తిరిగింది. సీటు మధ్యలో మనిషి కూర్చున్నంత మేర కిందికి దిగింది. ఎడమ చేతిమీద బొటనవేలు పట్టేంత గుంట. ఎవరో ఏళ్ళ తరబడి ఒకే చోట రాసి రాసి అరగదీసిన గుంట అది. అలాంటి కుర్చీ కోసం నేను ఇరవై ఏళ్ళు తిరిగాను.

"మా డాడీ అబ్రహాం రైల్వే గార్డు. అరవై ఒకటిలో కొన్నారు. నెల కింద మమ్మీ ఇందులోనే పోయింది. ప్రిసిల్లా ఆమె పేరు" అంది గ్లోరియా. అప్పుడే నాసర్ సంచిలోంచి వంకర కత్తి తీశాడు. సీటు ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నావ్?" అని అరిచాను.

"అల్లిక కోస్తున్న మేడమ్. మనిషి పోయిన కుర్చీని అల్లిక కొయ్యకుండ గడప దాటియ్యం. మా అబ్బా కాలం నుంచి గిదే రివాజు. కొత్త బెత్తం నేనే ఏసిస్త, పరేషాన్ కావద్దు."

నాకు మండింది. కొత్త అల్లిక పని తగిలించుకోవడానికి ఎత్తు అనుకున్నాను. అరవై ఒకటి నాటి చేతి అల్లిక, ఒక్క పోగు కూడా తెగలేదు, దాన్ని కోసి పారేసి ప్లాస్టిక్‌లా మెరిసే బెత్తం వేస్తాడట! "దాన్ని ముట్టుకున్నావంటే కుర్చీ నాకొద్దు" అన్నాను. నాసర్ గ్లోరియా వైపు చూశాడు. ఎల్లుండికల్లా ఆవిడ ఆ ఇల్లు అప్పజెప్పాలి, కుర్చీ తీసుకెళ్ళేవాళ్ళు ఇంకెవరూ లేరు.

"కొయ్యనిస్తేనే మంచిది మేడమ్" అంది గ్లోరియా.

"ఇది ఒరిజినల్ అండీ. నేనైతే కొయ్యనివ్వను."

"సరే మీ ఇష్టం. కానీ అందులో ఎవర్నీ కూర్చోనివ్వకండి."

నాకు నవ్వొచ్చింది. ఎవరూ కూర్చోని కుర్చీ నాకెందుకు? పైకి మాత్రం అలాగేనని తల ఊపి, నాసర్ చేతే ఆటోట్రాలీ ఎక్కించాను. అతను దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. అలిగాడనుకున్నాను.

భాను దాన్ని చూసీ చూడగానే కూలబడ్డాడు. నడుం నొప్పి మనిషి, ఏ కుర్చీలోనూ పది నిమిషాలు కుదురుగా ఉండడు. ఆ కుర్చీలో గంటసేపు కదల్లేదు. "నా కొలతలు తీసుకొని చేసినట్లున్నది లతా. గా గార్డు సాబ్‌ది నాది ఒకటే సైజ్" అని మురిసిపోయాడు. తొమ్మిది రోజులు పొద్దునా సాయంత్రం అదే చోటు. అందులో కూర్చునే ఫోన్లు, అందులో కూర్చునే చాయ్, అందులో కూర్చునే నా మీద జోకులు. అతను లేచాక అల్లిక చిటచిటమనేది. బెత్తం కుర్చీ ఎవరింట్లో ఉన్నా అంతే. మనిషి బరువు తీయగానే పోగులు మెల్లగా పైకి సర్దుకుంటాయి, ఓ నిమిషంపాటు చప్పుడు చేసి ఊరుకుంటాయి. నాకు ఆ చప్పుడంటే ఇష్టం.

పదో రోజు సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి కుర్చీ బాల్కనీ వైపు తిరిగి ఉంది. భాను అందులో ఉన్నాడు, పలకరించలేదు. పట్టాలమీద రైలు వచ్చింది. అతను కుడిచెయ్యి భుజం దాకా ఎత్తి, రైలు దాటిపోయేదాకా ఉంచి, దించాడు.

"ఎవరికి టాటా?" అన్నాను. నవ్వలేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర నాలుగు మాటలన్నాడేమో. మర్నాడు రెండు. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే అనిపించింది. నలభై పేపర్లు ఒక్క ఊపులో దిద్దేశాను. ఆ హాయి తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది. వారం తిరిగేసరికి అతను అవును కాదు అనడం కూడా మానేశాడు. ఫోను మోగి మోగి ఆగిపోయేది. పాలసీలవాళ్ళు నాకు చేసి, "సార్‌కి ఒంట్లో బాగలేదా?" అని అడిగేవాళ్ళు. అన్నం పెడితే తింటాడు, స్నానానికి పొమ్మంటే పోతాడు, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. ఎడమ బొటనవేలు ఆ గుంటలో తిరుగుతూ ఉంటుంది. గుంట అంచు రోజురోజుకీ నున్నగా మెరుస్తోంది.

డాక్టరు స్కానింగులన్నీ చేయించాడు. మెదడులో ఏమీ లేదు, గొంతులో ఏమీ లేదు. "డిప్రెషన్ కావచ్చు, మాట్లాడిస్తూ ఉండండి" అన్నాడు. మాట్లాడించాను. అతని జోకులు అతనికే చెప్పాను. తిట్టాను, ఏడ్చాను. నా వైపు చూసేవాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. పెదవులు కదిలేవి, గొంతు మాత్రం రాలేదు. నన్ను గుర్తుపట్టకపోతే ఎంతో నయమనిపించేది. మనిషి లోపల ఉన్నాడు, అతనికి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి, బయటికి రాలేకపోతున్నాడు.

కుర్చీని స్టోర్‌రూమ్‌లో పెట్టి తాళం వేశాను. భాను ఆ తలుపు ముందు నేలమీద కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు, మంచినీళ్ళు ముట్టలేదు. రైలు వెళ్ళినప్పుడల్లా తలుపు వైపే చూస్తూ చెయ్యెత్తాడు. రెండో రోజు సాయంత్రం నేనే తాళం తీశాను.

ఒకరోజు మధ్యాహ్నం భాను స్నానాల గదిలో ఉన్నాడు. కుర్చీ నుంచి లేచి అరగంటైంది. నేను బల్ల దగ్గర కూరగాయలు తరుగుతున్నాను. అల్లిక చిటచిటమంటూనే ఉంది, ఆగడం లేదు. కాసేపటికి ఆ చప్పుడు మారింది. కిర్రుమని, నిదానంగా, బరువు దిగుతున్న చప్పుడు. ఎవరో మెల్లగా కూర్చుంటే వచ్చే చప్పుడు అది. తల తిప్పి చూశాను. ఖాళీ సీటు నా కళ్ళ ముందే అంగుళం మేర కిందికి దిగింది. దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

కత్తి అక్కడే వదిలేసి గ్లోరియాకి ఫోన్ చేశాను. ఆవిడ నా గొంతు వినగానే, "ఎవరు కూర్చున్నారు?" అంది.

"మా ఆయన."

ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. వాళ్ళ నాన్న రిటైరైన ఏడాదే ఆ కుర్చీలో మాట పోగొట్టుకున్నాడట. పదకొండేళ్ళు అలాగే. మారేడ్‌పల్లిలో రైలు కనిపించదు, కూత వినిపిస్తే చెయ్యెత్తేవాడు. "కానీ మేడమ్, డాడీ చివరి మూడు నెలలు మాట్లాడారు. పాటలు పాడారు. చర్చికి నడిచి వెళ్ళారు. నవ్వుతూ పోయారు."

"ఎట్లా?" అన్నాను.

"మమ్మీ కూర్చోవడం షురూ చేసింది" అంది గ్లోరియా. "ఆ తరవాత ఎనిమిదేళ్ళు మమ్మీ నాతో మాట్లాడలేదు. నేనెన్నోసార్లు కూర్చోబోయాను. దగ్గరికొస్తే నన్ను తోసేసేది, లేచేది కాదు. అందుకే చెప్పాను కొయ్యనివ్వమని. ఎట్లా చెప్పాలో తెలియక సగమే చెప్పాను. నాదే తప్పు."

ఆవిడ తప్పేం లేదు. సగం చెప్పినా బుద్ధున్న మనిషికి చాలు. నేనే వినలేదు.

మర్నాడు నాసర్ వచ్చాడు. అలకలేమీ లేవు, ముఖం చూస్తే భయమే ఉంది. భానుని సోఫాలో కూర్చోబెట్టి నేను రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను. నాసర్ కత్తి నేలమీద పెట్టి, కుర్చీ పక్కన ఒరిగి, అరచెయ్యి సీటు కిందకి పోనిచ్చాడు. పైనుంచి కాదు, కిందనుంచి. అలాగే పావుగంట ఉన్నాడు. అల్లిక చిటచిటమంటూనే ఉంది. ఒకసారి అతని చెయ్యి కిందికి నొక్కుకుపోవడం నేను చూశాను. చెయ్యి తీసి, లుంగీకి తుడుచుకున్నాడు.

"ఖాళీగ లేదు మేడమ్."

"అయినా కొయ్యి. నీ కాళ్ళు పట్టుకుంట."

"తౌబా, గట్లనద్దు. ఖాళీగ లేని కుర్చీ కొయ్యరాదు. మా అబ్బా ఒక్కసారి కోసిండు, బొల్లారంల. ఎరక్క. సాబ్ లేచి లోపటికి పోయిండు, ఖాళీనే గదా అనుకున్నడు. ఆఖరి పోగు తెగినంక సాబ్ లోపట్నే పడిపోయిండు. మళ్ల లేవలే. మనిషి పోయినంక నలభై దినాలు కుర్చీ ఖాళీగుంటది. గా నలభై లోపల్నే కొయ్యాలె. నేను మారేడ్‌పల్లిల కత్తి తీసింది ముప్పై ఒకటో దినం."

ముప్పై ఒకటి. తొమ్మిది రోజులు భాను నవ్వుతూ కూర్చున్నాడు. పదో రోజు చెయ్యెత్తాడు. లెక్క చెప్పడానికి ఎకనామిక్స్ లెక్చరర్ అక్కర్లేదు.

"ఆయనను లేపేదెట్ల?" అన్నాను.

నాసర్ కత్తి సంచిలో పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, నా ముఖం చూడకుండా, "జెర ఆలోచించుండ్రి మేడమ్" అని మాత్రం అన్నాడు. అతనికి తెలుసు, నాకూ తెలుసు. గ్లోరియా నిన్ననే చెప్పేసింది.

ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. అందరూ అనుకునేంత మంచిదాన్ని కాదు నేను. భయపడ్డాను. మూడు రోజులు వాయిదా వేశాను. కాలేజీకి సెలవు పెట్టాను, అప్పడాల డబ్బా నింపాను, గ్యాస్ బుక్ చేశాను, మందులు ఏ పూట ఏవి వేసుకోవాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించాను. నాలుగో రోజు సాయంత్రం భాను స్నానానికి లేచాడు. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చిటచిటమంటున్న ఆ సీటులో కూర్చున్నాను.

ఎవరి ఒళ్ళోనో కూర్చున్నట్టు అనిపించింది. తర్వాత ఆ వెచ్చదనం పక్కకు జరిగింది. సీటు నాకోసం కొంచెం దిగింది. అంతే, ఇంకేం జరగలేదు. భయపడినంత లేదు. చల్లటి నీళ్ళల్లోకి మెల్లగా దిగినట్టు ఉంది. ఎడమ బొటనవేలు గుంటలోకి వెళ్ళింది, అక్కడ బాగుంది. ఎప్పటినుంచో లోపల ఉన్న చికాకు ఒక్కసారిగా పోయింది. నా కోపాన్ని కూడా ఎవరో తీసి పక్కన పెట్టినట్టు.

స్నానాల గది తలుపు తెరుచుకుంది.

"లతా, గీజర్ల నీళ్ళు చల్లగున్నయ్ ఏందీ? కరెంటు పొయ్యిందా? అరే, ఆకలైతున్నది. ఏం వండినవ్?"

ఆ గొంతు వినగానే నాకు ఏడుపు ఆగలేదు. ఇంత సంతోషం నా జన్మలో ఎరగను. లేచి వెళ్ళి పట్టుకుందామనుకున్నాను. "భానూ" అందామనుకున్నాను. పెదవులు కదిలాయి.

అతను తల తుడుచుకుంటూ హాల్లోకొచ్చాడు. నన్ను చూశాడు, కుర్చీని చూశాడు. తువ్వాలు చేతిలోంచి జారిపోయింది. అతనికి అన్నీ తెలుసు, ఇన్నాళ్ళూ లోపలనుంచి అంతా విన్నాడు కదా.

ఇదంతా జరిగి ఐదు నెలలైంది. మాట రాదు కానీ రాయడం వస్తుంది. నాలో ఇంకా కాస్త కోపం మిగిలి ఉందంటే అది ఈ నోటుపుస్తకంలోనే. ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. నాసర్ నెలనెలా వస్తాడు. కింద చెయ్యి పెట్టి చూసి తల అడ్డంగా ఊపి పోతాడు. నేను అతనికి ఒక కాగితం రాసిచ్చాను. నేను పోయిన మర్నాడే, ఎవరేమన్నా వినకుండా, అసలు అల్లిక మొత్తం ఒక్క పోగు మిగలకుండా కొయ్యమని. అతను దాన్ని మడిచి టోపీలో పెట్టుకున్నాడు.

భాను మొదట్లో పోట్లాడాడు, బతిమిలాడాడు. "లే లతా, నేను కూసుంట. నాకు అలవాటే గదా" అంటాడు. ఒకరోజు నేను స్నానానికి వెళ్ళినప్పుడు కూర్చోబోయాడు. తడి బట్టలతో పరుగెత్తుకొచ్చి తోసేశాను. టీపాయి కాలు తగిలి అతని మోచెయ్యి చీరుకుపోయింది. అప్పటినుంచి అతను ఇంట్లో ఉంటే నేను లేవను. అతను పాలసీల పనిమీద బయటికి వెళ్ళాక, తలుపుకి లోపల గొళ్ళెం పెట్టి, అప్పుడు లేస్తాను. అల్లిక నా వెనక చిటచిటమంటూ ఉంటుంది.

ఇప్పుడు సాయంత్రం ఆరవుతోంది. వంటింట్లో భాను ఉప్మా చేస్తున్నాడు. ఉల్లిగడ్డ మాడబెట్టాడు, వాసన వస్తోంది. లిఫ్టులో కలిసిన కొత్త కుర్రదంపతుల గురించి చెబుతున్నాడు. వాళ్ళది వరంగల్ అట, అబ్బాయికి పాత రేడియోలంటే ఇష్టమట, మా మ్యూజియం చూపిస్తానని తను మాటిచ్చాడట. మధ్యలో ఆగి, "వింటున్నవా లతా?" అన్నాడు. నేను కుర్చీ చేతిమీద రెండుసార్లు తట్టాను. వింటున్నానని మా ఇద్దరికీ గుర్తు అది.

"ఒక్కసారి విసుక్కో లతా" అన్నాడు. "నోరు మూసుకో భానూ అను. ఒక్కసారి."

పట్టాలమీద రైలు వచ్చింది. నా కుడిచెయ్యి లేచింది. రైలు దాటిపోయేదాకా దాన్ని దించడం నాకు చేతకాలేదు. భాను ముక్కు ఎగబీల్చి, ఆ వరంగల్ దంపతుల సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.